గుర్రం మీదోడు మళ్ళీ చంపేశాడా?

కావలి దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడకు నలభై ఆరేళ్ళు. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. నాలుగు పేజీలు రాశారు, కుదించి చెప్తున్నాను.

భర్తకు రొయ్యల గుంటలున్నాయి. పగలూ రాత్రీ ఆయన ఎక్కువగా గుంటల దగ్గరే. ఇంట్లో ఈవిడా, డెబ్బై నాలుగేళ్ళ అత్తగారూ. ఒక్కడే కొడుకు, చెన్నైలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఆ అబ్బాయి స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఒక పీఎస్4 ఆట పెట్టె కొన్నాడు. హాస్టల్లో ఉంచుకోనివ్వకపోతే తెచ్చి ఇంట్లో టీవీకి తగిలించి పోయాడు. సంక్రాంతి సెలవుల్లో వాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసి, "నాకూ ఒకసారి ఇవ్వరా" అన్నారట ఈవిడ. వాడు సంబరపడిపోయి తనకు అన్నిటికంటే ఇష్టమైన ఆట పెట్టిచ్చాడు, ఎల్డెన్ రింగ్. రిమోట్ చేతికొచ్చిన కాసేపటికే చచ్చిపోయారు. (కంట్రోలర్‌ను ఈవిడ రిమోట్ అనే రాశారు. నాకూ ఆ మాటే నచ్చింది.) మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ పోయారు. మూడోసారికి వాడు "ఇటివ్వమ్మా, నేను చూపిస్తా" అని తీసుకున్నాడు. సెలవులైపోయేదాకా అది మళ్ళీ ఈవిడ చేతికి రాలేదు.

వాడు వెళ్ళాక మధ్యాహ్నాలు వంటిల్లు సర్దుకుని, సౌండ్ తగ్గించుకుని, ఒక్కరే ప్రయత్నిస్తున్నారు. ఇక్కణ్ణుంచి ఆవిడ మాటల్లోనే:

"బయటికి రాగానే బంగారు కవచం వేసుకొని గుర్రం మీద ఒకడు తిరుగుతుంటాడు. నన్ను చూస్తే చాలు, వచ్చి పొడిచేస్తాడు. ఎన్నిసార్లు చచ్చానో లెక్క లేదు. మా అత్తమ్మ మంచం మీద నుంచే 'ఏందమ్మే, ఆ గుర్రం మీదోడు మళ్ళీ చంపేశాడా?' అని అడుగుతుంది. ముందు నవ్వొస్తుంది, తర్వాత నేనింత మొద్దునా అని ఏడుపొస్తుంది. అయినా మర్నాడు రెండయ్యేసరికి చెయ్యి దాని మీదికే పోతుంది. రాత్రి వాడు ఫోన్ చేసినప్పుడు చెప్పేదానికి ఒక ముక్క ఉంటుంది గదా. లేకపోతే తిన్నావా అంటే తిన్నా అంటాడు, అంతే."

ఒకరోజు భర్త మధ్యాహ్నం ఇంటికొచ్చి చూశారు. "ఈ వయసులో ఇదేం పని, కరెంటు బిల్లు ఎవడు కడతాడు" అన్నారు. అంతటితో ఆగలేదు. "ఆటలని మనింట్లో ఒకడు మునిగింది చాల్లేదా" అన్నారు. ఆయన తమ్ముడు ఫోన్లో రమ్మీ ఆడి అప్పులపాలయ్యాడు. ఆ మాట నుంచి ఈవిడ, ఆయన బండి చప్పుడు వినపడగానే టీవీ కట్టేస్తున్నారు.

అడిగినవి మూడు. కొత్తవాళ్ళకు మంచి ఆటలేవి? ఇది నాకు చేతకాదని మానుకోవాలా? ఆయనకు చెప్పి ఆడాలా, ఇలాగే చాటుగా ఆడుకోవాలా? ఇంటర్ దాకా చదివానని, ఇంగ్లిష్ నెమ్మదిగా చదవగలనని కూడా రాశారు. ఇక అడుగున, సంతకం పెట్టే చోట, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు ఇంకో వాక్యం: "టెన్త్‌లో ఉన్నప్పుడు మా నాన్న నెల్లూరు రొట్టెల పండగలో బ్రిక్ గేమ్ కొనిచ్చాడు. దాంట్లో మా వీధిలో నన్ను కొట్టినోళ్ళు లేరు."

అమ్మా, నేను ఆ ఆఖరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను.

బ్రిక్ గేమ్‌లో పై నుంచి ముక్కలు పడుతుంటే తిప్పి, సందుల్లో ఇరికించి, వరస నింపేవారు గదా. ఆ ఆట అసలు పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే ఆయన తయారుచేశాడు. వీడియో గేమ్‌ల చరిత్ర ఎవరు రాసినా అది లేకుండా రాయలేరు. అందులో వీధికి ఫస్టొచ్చిన మనిషి, ఇప్పుడు నేను మొద్దునా అని నన్నడుగుతున్నారు! ముక్క కింద పడేలోపు అది ఎటు పడితే సరిపోతుందో లెక్కకట్టిన బుర్ర మీకింకా ఉంది. మీకు తెలియంది ఆ రిమోట్ ఒక్కటే.

ఆ రిమోట్ మీద రెండు పుల్లలున్నాయి చూడండి. ఎడమ బొటనవేలి కిందది నడవడానికి, కుడి బొటనవేలి కిందది చూపు తిప్పడానికి. మీ అబ్బాయికి చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి ఆ రెండూ ఒకే పని. మనకు రెండు పనులు. కుడిచేత్తో రోట్లో రుబ్బుతూ ఎడం చేత్తో పిండి తోసే పని మీరెప్పుడైనా పక్కింటి పిల్లకు నేర్పారా? వాళ్ళ చేతులు చూస్తే మనకు నవ్వొస్తుంది. అదే ఇది. నేను యాభై ఒకటో ఏట మా అక్క కొడుకు దగ్గర ఈ రిమోట్ పట్టుకున్నాను. మొదటి అరగంటా ఆకాశం చూస్తూ గోడకేసి నడిచాను. తల తిరిగి, కడుపులో తిప్పి, నిమ్మకాయ నీళ్ళు తాగి పడుకున్నాను. మీకూ అలా అయితే వెంటనే ఆపేసి లైటు వేసుకుని కూర్చోండి. ఇంకాసేపు ఆడితే అలవాటవుతుందని బిగపట్టుకుంటే ఇంకా ఎక్కువవుతుంది.

ఇక ఎల్డెన్ రింగ్ సంగతి. 2022లో వచ్చిన ఆట అది, జపాన్ వాళ్ళది. తేలిక, మధ్యస్థం, కష్టం అని ఎంచుకునే వీలు అందులో లేదు, ఉన్నది కష్టమొక్కటే. మొదట్లోనే ఎదురయ్యే ఆ బోలెడన్ని చేతుల రాక్షసి ఉంది చూడండి, దాని చేతిలో దాదాపు అందరూ చచ్చిపోతారు. కథ అలాగే కట్టారు. తర్వాత కనపడే గుర్రం మీదోడు కూడా అనుభవం ఉన్నవాళ్ళనే మట్టికరిపిస్తాడు. వాణ్ణి అక్కడ నిలబెట్టిందే, గెలవలేని చోటు నుంచి తప్పుకుని పోవచ్చని ఆటగాడికి తెలియడానికి. మీరు మాత్రం నెల్లాళ్ళుగా వాడికే ఎదురెళ్తున్నారు. స్కూటీ నేర్చుకునే మనిషిని మొదటిరోజే హైవే ఎక్కించి, లారీల మధ్య పడిపోతే నీకు బండి రాదన్నట్టుంది.

అలాగని మీవాణ్ణి తప్పుపట్టను. ఆటలు బాగా తెలిసినవాళ్ళందరూ చేసే పనే వాడూ చేశాడు. ఏ ఆటతో మొదలుపెట్టాలని అడిగితే తమకు ప్రాణమైన ఆట పేరే చెప్తారు. అక్కడికి చేరేదానికి తాము ఎన్నేళ్ళు ఎన్ని ఆటలాడారో వాళ్ళకు గుర్తుండదు. అది ప్రేమే. కాకపోతే మీ చేతికి సరిపడే ప్రేమ కాదు.

నేనైతే మీకు ముందు చెప్పేది స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే కుర్రాడు ఒక్కడే కూర్చుని నాలుగేళ్ళకు పైగా తయారుచేశాడు, 2016లో వచ్చింది. బొమ్మలు, పాటలు, మాటలు అన్నీ అతనివే. తాత వదిలిపోయిన పొలం మనవడికో మనవరాలికో వస్తుంది. రాళ్ళూ మొద్దులూ నిండిన బీడు. దాన్ని కొట్టుకుని, తవ్వి, విత్తనం వేసి, రోజూ నీళ్ళు పోసుకోవాలి. వానొస్తే ఆ రోజు నీళ్ళు పొయ్యక్కర్లేదు. ఒక కాలంలో పండేది ఇంకో కాలం రాగానే ఎండిపోతుంది. రైతు ఇంటి కోడలికి ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు. ఊళ్ళో ముప్పైమంది దాకా మనుషులుంటారు, ఎవరికేమిష్టమో కనిపెట్టి ఇచ్చిపుచ్చుకోవచ్చు. చూపు పై నుంచే ఉంటుంది కాబట్టి కుడి పుల్లతో పెద్దగా పని లేదు. మాటలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కానీ మనుషులు మాట్లాడుతున్నంతసేపూ ఆటలో కాలం ఆగుతుంది. మీరు ఎంత నెమ్మదిగా చదివినా ఎవరూ తొందరపెట్టరు.

రెండు చోట్ల మాత్రం విసుగొస్తుంది, ముందే చెప్తున్నాను. ఒకటి చేపలు పట్టడం. ఆకుపచ్చ పట్టీని పైకీ కిందికీ ఆడిస్తూ చేపను దాని లోపలే ఉంచాలి. మొదట్లో అందరికీ జారిపోతుంది. సముద్రం ఒడ్డున విల్లీ అనేవాడి కొట్లో ట్రైనింగ్ రాడ్ అని ఒకటి అమ్ముతాడు. ఆటలోని డబ్బు పాతిక చాలు. దాంతో మామూలు రకం చేపలే పడతాయి గానీ తేలిగ్గా పడతాయి. ఇక రెండోది ఇంకా గట్టిది. ఆటలో ఒక రోజంటే మన పావుగంట కూడా కాదు. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ తలెత్తేసరికి ఐదైపోతుంది, అత్తగారు టీ అడుగుతుంటారు. ఈ ఆట మిమ్మల్ని చంపదు గానీ మీ మధ్యాహ్నాన్ని మింగుతుంది. ఒకసారి కూర్చుంటే ఆటలో మూడు రోజులు అని పెట్టుకోండి. పడుకున్నప్పుడే ఆట సేవ్ అవుతుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా పోయేది ఆ ఒక్క రోజే.

అంత పెద్ద సంసారం వద్దు, చిన్నది కావాలంటే ఎ షార్ట్ హైక్. క్లేర్ అని ఒక పక్షిపిల్ల. ఫోన్ రావలసి ఉంది, ఉన్నచోట సిగ్నల్ లేదు. సిగ్నల్ కోసం కొండ ఎక్కుతుంది, కథంతే. మా ఉదయగిరి వైపు చుట్టాలు ఫోన్ పట్టుకుని మిద్దెక్కడం చూసినదాన్ని, నాకు మొదటి నిమిషంలోనే నచ్చేసింది. చావడం లేదు, ఓడిపోవడం లేదు. దారి తప్పినా ఏదో ఒకటి దొరుకుతుంది. రెండు మూడు మధ్యాహ్నాల్లో అయిపోతుంది. అదే దీనితో ఇబ్బంది కూడా, చెయ్యి కుదురుకునేసరికి ఆట అయిపోతుంది.

ఇంగ్లిష్ అసలే వద్దనుకుంటే జర్నీ. 2012లో వచ్చింది, తర్వాత పీఎస్4కీ ఇచ్చారు. ఒక్క మాట ఉండదు. ఇసుక ఎడారిలో దూరంగా ఒక కొండ, అక్కడికి నడవాలి. ఆన్‌లైన్‌లో ఆడితే దారిలో ఇంకొకరు ఎదురుపడతారు, ప్రపంచంలో ఎక్కడో మీలాగే ఆడుతున్న మనిషి. పేరు తెలియదు, మాట్లాడే వీలు లేదు. ఒక బటన్ నొక్కితే గంట మోగినట్టు చిన్న కూత, అంతే. నాకు తోడొచ్చినవాళ్ళు చలిలో ఆగి ఆగి నా కోసం కూత పెడుతూ నడిచారు. ఎవరో ఈనాటికీ తెలియదు. కుడి పుల్ల కొంచెం కొంచెం అలవాటు చేసుకోవడానికి ఇంతకంటే మెత్తని చోటు నాకు కనపడలేదు. అడుగు తప్పినా అక్కడ పోయేదేం లేదు.

అన్‌ప్యాకింగ్ అని ఇల్లు మారినప్పుడు పెట్టెలు విప్పి సామాను సర్దే ఆట కూడా ఉంది. మీ బ్రిక్ గేమ్ చెయ్యికి బాగా నప్పుతుంది. అయినా ఇంట్లో సర్దింది చాలక ఆటలోనూ సర్దడమా అనుకుంటే వదిలెయ్యండి.

ఇవి చేతికొచ్చాక, కత్తి పట్టాలనే ఉంటే, రాజీ. పుణె వాళ్ళు చేసి 2020లో విడుదల చేశారు. రాజీ అనే పిల్ల తమ్ముడు గోలూను వెతుక్కుంటూ పోతుంది. దుర్గమ్మ, విష్ణుమూర్తి ఆమెను గమనిస్తూ మాట్లాడుకుంటుంటారు. కొట్లాట ఉంది, పడిపోవడాలూ ఉన్నాయి. అయితే చూపు దానంతటదే తిరుగుతుంది కాబట్టి ఒక బెంగ తగ్గుతుంది. ముందుగా ఇదే పెట్టుకోకండి, మళ్ళీ గుర్రం మీదోడి కథే అవుతుంది.

ఇప్పుడు కొడుకు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు కావలసింది రాత్రి ఫోన్లో చెప్పుకోవడానికి ఒక ముక్క. అందుకని ఎల్డెన్ రింగ్‌ను పూర్తిగా మానెయ్యమని నేననను. మానేస్తే చేతులకు హాయి, కానీ ఆ ముక్క పోతుంది. వాడు ఆడని ఆటలో మీ పొలంలో ముల్లంగి పండిందంటే రెండు రోజులు వింటాడు, మూడోరోజు "ఊ" అంటాడు. నిజం చెప్పాలంటే, ఏం పండిందని వాడే అడగనూ వచ్చు. మీవాడి తీరు మీకే తెలుసు. కాబట్టి మిగతా రోజులు మీ ఆట మీరాడుకుని, వారానికి ఒక పూట వాడి ఆట పెట్టుకోవచ్చు. ఫోన్ స్పీకర్లో పెట్టి "నేను చేస్తా, నువ్వు చెప్పు" అనండి. చెన్నైలో ఉన్నవాడు రిమోట్ లాక్కోలేడు గదా!

పండక్కి పినాకిని రైలు దిగి వచ్చినప్పుడు మాత్రం లాక్కుంటాడు. దానికి ఇంకో రిమోట్ కొనడమే మందు. ఇట్ టేక్స్ టూ అని ఇద్దరుంటే తప్ప నడవని ఆట ఒకటుంది, 2021లో వచ్చింది. టీవీ తెర రెండుగా చీలి, ఎవరి సగం వాళ్ళకు ఉంటుంది. మీరు మీట నొక్కితేనే వాడు తలుపు దాటగలడు. విడిపోదామనుకున్న మొగుడూపెళ్ళాలు బొమ్మలైపోయే కథ, అత్తగారు చూస్తే ఏమంటారో మరి. ఇందులో రెండు పుల్లలూ వాడాలి, దూకుళ్ళున్నాయి, మీకు మొదట్లో తేలిక కాదు. కానీ పడ్డ క్షణంలోనే తిరిగి లేస్తారు, వాడికి ఆగి చూడక తప్పదు. వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. "ఇటివ్వమ్మా అనొద్దురా, పక్కన కూర్చుని చూడు, నేను చచ్చినా పర్లేదు" అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పడం. కొంచెం చిన్నబుచ్చుకుంటాడేమో గానీ, మీకు అది అవమానంగా ఉందని వాడికింకా తెలియదనుకుంటాను.

ఒక జాగ్రత్త. ఆ పీఎస్4లో మీ పేరుతో వేరే యూజర్ పెట్టించుకోండి. నేను తెలియక మా వాడి దాంట్లో కొత్త ఆట మొదలుపెట్టి, అడిగినదానికల్లా సరే నొక్కి, వాడు అరవై గంటలు ఆడిన సేవ్ మీద నాది ఎక్కించేశాను. పిన్నినని ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మీవారి మాటకొస్తే, కరెంటు బిల్లు లెక్క చాలా చిన్నది. టీవీ, ఆట పెట్టె కలిపి రెండొందల వాట్లు అనుకున్నా, రోజుకు గంట చొప్పున నెలకు ఆరు యూనిట్లు. గుంటలో తిరుగుతూ నీళ్ళకు గాలి పట్టించే రెండు హెచ్‌పీ ఏరేటర్ ఒకటి ఆ ఆరు యూనిట్లను నాలుగు గంటల్లో తాగేస్తుంది. ఈ లెక్క ఆయనకు మీకంటే బాగా వచ్చు. అసలు విషయం బిల్లు కాదు కాబట్టే దాన్ని పట్టుకుని వాదించొద్దంటున్నాను.

ఆయన భయం తమ్ముడిది. పందెం కాసే ఆట వేరు, ఇది వేరు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. మీరాడేవి ఒకసారి కొనుక్కుంటే అయిపోయే ఆటలు. గెలిస్తే రూపాయి రాదు, ఓడితే రూపాయి పోదు. ఇదంతా ఆయనకు విడమరిచి చెప్పొచ్చు. అయితే ఒక్కటి ఆలోచించండి. మీ మరిది కూడా మొదట్లో చాటుగానే ఆడి ఉంటాడు. ఎవరో వస్తున్న చప్పుడుకు ఫోన్ బోర్లించి ఉంటాడు. ఇప్పుడు మీరు బండి చప్పుడుకు టీవీ కట్టేస్తున్నారు. ఆయన కంటికి ఆ రెండూ ఒకలాగే కనపడవూ?

చాటుగా ఆడితే ఇంట్లో గొడవ ఉండదు, నిజమే. ఎన్నాళ్ళు? అత్తగారికి తెలుసు, కొడుక్కి తెలుసు, ఒక్క ఆయనకే తెలియనట్టు నడుస్తోంది. చెప్పి ఆడితే నాలుగు రోజులు దెప్పుతారు. పంట పోయిన నెలలో అయితే ఇంకాస్త గట్టిగా దెప్పుతారు, కాబట్టి రొయ్యల రేటు బాగున్న రోజు చూసుకోండి. ఏ ఆట కొన్నారో, ఎంతకు కొన్నారో ముందే చెప్పండి. బ్యాంకు కార్డు వివరాలు పీఎస్4లో దాచిపెట్టకండి, కావలసినంత డబ్బే దాని వాలెట్లో వేసి కొనండి. ఇవన్నీ విని కూడా ఆయన వద్దంటే, టీవీ వదిలి స్టార్‌డ్యూ వ్యాలీని ఫోన్లో ఆడుకోవచ్చు, దొరుకుతుంది. తెర చిన్నది, వేళ్ళు అడ్డం పడతాయి. పైగా ఫోన్లో ఆట అనగానే ఆయనకు తమ్ముడే గుర్తొస్తాడు. అందుకే నా మొగ్గు టీవీ వైపు, నడింట్లో, అందరికీ కనపడేటట్టు.

మానెయ్యడమూ ఒక దారే. ఇన్నాళ్ళు చూశాను, నాకు పడలేదని పక్కన పెడితే తప్పేం లేదు. గుర్రం మీదోణ్ణి చూసి మాత్రం మానెయ్యకండి.

వాడి సంగతి కూడా చెప్పేస్తాను. బయటికి రాగానే తిన్నగా నడవొద్దు. బాట వదిలేసి పక్కగా, వాడు మీకు వీపు చూపించి అవతలికి పోతున్నప్పుడు, చెట్ల చాటున వంగి నడవండి. ఎడమ పుల్లను లోపలికి నొక్కితే వంగుతారు. కాస్త దూరంలో పైకప్పు లేని పాడుబడ్డ చర్చి కనపడుతుంది, లోపల ఒక వ్యాపారి మంట వేసుకుని కూర్చుని ఉంటాడు. అక్కడిదాకా చేరితే, ఆ రాత్రి ఫోన్లో చెప్పడానికి ముక్క దొరికినట్టే. అత్తగారికి ముందే చెప్పి ఉంచండి, వాడు ఎటు తిరిగాడో మంచం మీద నుంచి ఆవిడ చూసి చెప్తారు.